ఓడలు మన తీరంలోనే కడదాం

హైదరాబాద్ వెంగళరావు నగర్‌కు సముద్రం ఎంతో దూరం. అయినా ఓడల ఉద్యమాన్ని ఇక్కడే మొదలుపెడుతున్నాం. ఫిల్మ్‌నగర్ సెట్ల మీద చెమటోడ్చే వెల్డర్లలో, వడ్రంగుల్లో తీరం వదిలి వచ్చినవాళ్లున్నారు. 2018లో గుజరాత్ పడవల మీద వేటకెళ్లి పాకిస్తాన్ చెరలో చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల కథే 2025లో ‘తండేల్’ సినిమా అయింది. చూసి కన్నీళ్లు పెట్టుకున్నాం. ఇంటి ముందే సముద్రం ఉన్న మనిషి గుజరాత్‌లోని వేరావల్ దాకా ఎందుకు పోవాల్సి వచ్చింది? దీనికి జవాబు కావాలి. మన తీరంలోనే పని పుట్టాలి, అందుకే ఓడల తయారీ అంటున్నాం.

ఓడ కట్టడం మనకు కొత్త విద్య కాదు. శాతవాహనుల నాణేల మీద జంట తెరచాప కొయ్యల ఓడ ఉంది. 17వ శతాబ్దంలో యూరప్ వర్తక కంపెనీలు నరసాపురంలో ఓడలు కట్టించుకున్నాయి. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ సంకల్పించిన సింధియా యార్డుకు 1941లో విశాఖలో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను నీళ్లలోకి దించారు. అదే యార్డు నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్.

మరి వెనకబడ్డదెక్కడ? ఓడ తయారీకి ఏళ్లు పడతాయి, అన్నాళ్లూ పెట్టుబడి ఇరుక్కుపోతుంది. ఆర్డరు అయిపోయి మరొకటి రాకపోతే పనివాళ్లు చెదిరిపోతారు, వాళ్లతోపాటే పనితనమూ పోతుంది. ప్లేటు వంగకుండా అతికే ఒడుపు పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. ఇంకో బాధ: విశాఖ ఉక్కు కర్మాగారం కడ్డీలు, తీగచుట్టలు చేస్తుంది, ఓడ ఒంటికి కావాల్సిన ప్లేట్లు మాత్రం బయటినుంచే రావాలి. ఒకే ఊళ్లో ఉక్కూ ఓడా ఉండి కలవకపోవడం మాకు మింగుడుపడదు.

2010లో యార్డు రక్షణ శాఖ చేతికి వెళ్లింది. 2023లో నౌకాదళానికి ఐదు సహాయక నౌకల ఒప్పందం వచ్చింది. గర్వపడుతున్నాం. కానీ మన విదేశీ వ్యాపార సరుకులో అత్యధిక భాగాన్ని మోస్తున్నవి విదేశీ ఓడలే. ప్రపంచ ఓడల తయారీ దాదాపు అంతా చైనా, దక్షిణ కొరియా, జపాన్ చేతుల్లో ఉంది. అందుకే విశాఖకు సరుకు ఓడల ఆర్డర్లు వరసగా కావాలి, తెగిపోకూడదు. అక్కడ ప్లేట్ల మిల్లు పెట్టాలి. ప్రతి ఆర్డరుతోపాటు ఇంతమంది అప్రెంటిస్‌లను తీసుకుంటామన్న షరతు ఒప్పందంలోనే రాయాలి, అందులో ఆడపిల్లలకూ వెల్డింగ్ టార్చి అందాలి.

2025 సెప్టెంబరులో కేంద్రం ఓడల తయారీకి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించింది. శ్రీకాకుళం మూలపేటలో రేవు కడుతున్నారు. దాని పక్కనే పడవలు, టగ్గులు కట్టే యార్డు, శిక్షణ కేంద్రం ఆ ప్యాకేజీ డబ్బుతోనే రావాలి. ఆ జిల్లాలోని ఉద్దానం యువకుడి మొదటి జీతం అక్కడే అందేదాకా ఈ ఉద్యమం ఆగదు.