కారు కింది కమాన్లు

కారు కొనుక్కోవడం ఒక ముచ్చట. కొన్న కారును ఇంటి దగ్గరే విప్పి, కంపెనీవారు పెట్టిన సామాను తీసివేసి, అంతకంటె మేలైన సామాను బిగించుకోవడం ఇంకొక ముచ్చట. మొదటి ముచ్చటకు పెద్దలు కొబ్బరికాయ కొడతారు. రెండవదాని దగ్గరకు వచ్చేసరికి ఇంట్లో రగడ మొదలవుతుంది. యీ నెల ఆ రగడను గూర్చి నాలుగు మాటలు.

మా ఉమ్రీలో ఒక పెద్దాయన వున్నారు. ఆయన చిన్నకొడుక్కు అమెరికాలో, మిచిగాన్ రాష్ట్రంలో ఉద్యోగం. అక్కడ వాడొక పాత స్పోర్ట్సు కారు కొన్నాడు. రెండే సీట్లు, టోపీలాగా తీసి పెట్టుకునే పైకప్పు. మాజ్డా కంపెనీవారి ఎంఎక్స్-5. అక్కడివారు మియాటా అని పిలుచుకుంటారు. 1989లో షికాగో ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. బరువు టన్నుకు తక్కువే. ఇండియాలో ఆ బండిని కంపెనీ అమ్మలేదు గనుక మనలో చాలామంది చూసి వుండరు. సెలవుల్లో దాని సస్పెన్షను మొత్తం తానే మారుస్తున్నానని కుర్రవాడు ఫోనులో చెప్పాడు. పెద్దాయన జీవితమంతా సర్కారీ నౌకరీ చేసినవారు. ఆయనకు తెలిసిన సస్పెన్షను ఒకటే. మరునాడు పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని, "ఏమయ్యా, ఆఫీసులో జీపుల రిపేరు బిల్లులు రాసేవాడివి గదా, పిల్లవాడి ఉద్యోగానికేమీ ముప్పు లేదు గదా?" అన్నారు.

"ఉద్యోగానికి లేదు కాకా, జాగ్రత్త తప్పితే చేతులకూ తలకూ వుంటుంది" అన్నాను. ఆయనకు ఆ ఉదయం చెప్పినదాన్నే కొంచెం పెంచి యిక్కడ రాస్తున్నాను. పైదేశాలలో పిల్లలున్న ఇండ్లు మన సంఘంలో తక్కువ కాదు. యీ ఫోను రేపు మీకూ రావచ్చు.

ఎడ్లబండికి కమాను లేదు. ఇరుసు మీద బండి, బండి మీద మనం. చక్రం గుంటలో పడితే ఆ కబురు మొట్టమొదట నడుముకే అందుతుంది. టాంగాకు మాత్రం పట్టీలు పేర్చిన కమాన్లు వుండేవి. లారీలకూ పాత జీపులకూ వుండే కమాను కట్టలు ఆ వంశంలోవే. ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అనే ఆయన 1804లో గుర్రపు బండ్ల కమాన్లకు పేటెంటు తీసుకున్నాడు. కార్లలో యిప్పుడు ఎక్కువగా కనిపించేది చుట్ట స్ప్రింగు. బరువు రెట్టింపు వేస్తే స్ప్రింగు అణగడమూ రెట్టింపు అవుతుందని రాబర్ట్ హుక్ 1678లోనే అచ్చు వేయించాడు.

స్ప్రింగుకు ఒక గుణం వుంది. తీసుకున్న బలాన్ని పైసలతో సహా తిరిగి యిచ్చేస్తుంది. మనుషులలో అయితే మెచ్చుకోవలసిన గుణమే. కారు కింద మాత్రం అదొక తంటా. ఒక్క గుంట దాటితే బండి ఉయ్యాలలాగా పైకీ కిందికీ ఊగుతూనే వుంటుంది. ఆ ఊపును మింగడానికే షాక్ అబ్జార్బరు. ఒక గొట్టంలో నూనె, దానిలో చిన్న రంధ్రాలున్న పిస్టను. చక్రం ఎగిరినప్పుడల్లా నూనె ఆ రంధ్రాలలోనుంచి దూరవలసి వస్తుంది, ఊపు వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో దూరం వెళ్లి వచ్చాక ఆ గొట్టం వెచ్చగా వుండడం మెకానిక్కులందరికీ తెలిసిన విషయమే.

ఇదంతా మన నడుము సుఖం కోసమే అనుకుంటే అది సగం మాట. అంతకంటె పెద్ద పని, చక్రాన్ని నేలకు అదిమి వుంచడం. కారుకు నేలతో వున్న చుట్టరికం నాలుగు టైర్ల అడుగున నాలుగు అరచేతులంత మేరలోనే. బ్రేకు పట్టేదీ అక్కడే, స్టీరింగు తిరిగేదీ అక్కడే. చక్రం గాలిలో వున్న క్షణంలో డ్రైవరు చేతిలో ఏమీ లేదు.

మరి మేలైన సామాను అంటే ఏమిటి? కొంచెం గట్టి స్ప్రింగులు, బిగువు తగ్గించి పెంచుకోగల షాక్ అబ్జార్బర్లు, మలుపులో బండి ఒక పక్కకు ఒరగకుండా రెండు చక్రాలనూ కలిపి పట్టే ఇనుప కడ్డీ, కీళ్ల దగ్గర మెత్తని రబ్బరుకు బదులు గట్టి బుష్షులు. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ జంటగా, ఎత్తు కూడా మార్చుకునేటట్టు వస్తే దాన్ని కాయిలోవర్ అంటారు. వీటిలో నా ఓటు షాక్ అబ్జార్బరుకే. పాత కారుకు కొత్త షాక్ అబ్జార్బర్లు మాత్రమే వేసి చూడమనండి, సగం కోరిక అక్కడే తీరుతుంది. కుర్రవాళ్లు మాత్రం ముందు ఎత్తు తగ్గించడం మీద పడతారు. కారు నేలకు కరుచుకున్నట్టుంటే చూపులకు బాగుంటుందని! హద్దు మీరి దించితే స్ప్రింగు అణగడానికి చోటే మిగలదు. చిన్న గతుకుకే లోపలి రబ్బరు దిమ్మ మీద పోయి కొట్టుకుంటుంది. ఇంత ఖర్చూ పెట్టి మళ్లీ ఎడ్లబండి దగ్గరకే వచ్చామన్న మాట.

ఇక పని సంగతి. మిచిగాన్‌లో మంచు కాలంలో రోడ్లమీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కింద వేయి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పు గనే వుంది. ఆ ఉప్పునీరు కారు అడుగున చేరి బోల్టులను తుప్పుతో అతికించేస్తుంది. కాబట్టి పని మొదలయ్యేది విప్పడంతో కాదు, ముందురోజు రాత్రి ప్రతి బోల్టుకూ తుప్పు వదిలించే నూనె పట్టించడంతో. పట్టుకుపోయిన బోల్టును కోపంతో తిప్పితే అది తెగుతుంది. ఒక పూట పని వారం అవుతుంది.

రెండవది జాకీ. చక్రాల నట్లు బండి నేలమీద వున్నప్పుడే కాస్త వదులు చేసుకోవాలి. నేల చదునుగా, గట్టిగా వుండాలి. లేపని చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. జాకీతో లేపిన తరువాత కంపెనీవారు చూపిన చోట్ల ఇనుప స్టాండ్లు పెట్టి, బరువును వాటి మీదకు దించి, చేత్తో గట్టిగా ఊపి చూడాలి. జాకీ బండిని లేపే సాధనం, నిలబెట్టి వుంచే సాధనం కాదు. ఒక్క జాకీ మీద నిలిచిన కారు కిందికి తల దూర్చకూడదు, నిమిషం పనే అయినా సరే. ఇటుకలు పేర్చి పెట్టడం మన దగ్గర చాలాచోట్ల చూస్తాము. ఇటుక వంగదు, హెచ్చరించదు, ఒక్కసారే పగులుతుంది.

మూడవది అన్నింటికంటె గడ్డు. పాత స్ప్రింగును దాని గొట్టం మీదనుంచి తీయాలి. పైన వుండే బిళ్లను కొత్తదానికి వాడుకోవలసి వుంటుంది గనుక ఇది తప్పదు. బండి బరువులో నాలుగోవంతు అనుకున్నా ఒక్కొక్క స్ప్రింగు మోసేది రెండు క్వింటాళ్లకు పైమాటే. అది బిగిసి కూర్చునే వుంటుంది. పత్తి ప్రెస్సులో పని చూసినవారికి నేను ఎక్కువ చెప్పనక్కరలేదు. 170 కిలోల పత్తిని అణచి బేలు కట్టాక పట్టీ తెగితే ఎదురుగా ఎవరూ నిలబడరు. పత్తి మెత్తన, యిది ఉక్కు. స్ప్రింగును అణచి పట్టే పనిముట్టు వుంది, రెండు పక్కలా మరలు. వాటిని మార్చి మార్చి కొద్ది కొద్దిగా తిప్పాలి. స్ప్రింగు పూర్తిగా వదులైందని చేతికి తెలిసిన తరువాతనే పైనట్టును ముట్టుకోవాలి. నట్టు ముందు తీశారా, ఆ బిళ్ల తుపాకీ గుండులాగా లేస్తుంది. దీనివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పెద్దాయనతో నేను గట్టిగా చెప్పిన మాట యిది: ఆ ఒక్క పని డబ్బిచ్చి వర్క్‌షాపులో చేయించుకోమనండి. గొట్టాలు విప్పి డిక్కీలో వేసుకుని స్నేహితుడి బండిలో పోతే గంట పని. మిగతాది ఇంట్లో చేసుకోనివ్వండి, పక్కన యింకొక మనిషి వుండాలి.

బ్రేకు బిగింపు విప్పవలసి వస్తే దాన్ని దాని రబ్బరు గొట్టం మీద వేలాడదీయకూడదు, తీగతో పైకి కట్టాలి. ఆ కారులో చక్రాల వాలు సరిచేసే బోల్టులు కింది చేతుల దగ్గర వుంటాయి. వాటిని కదిలించవలసి వస్తే ముందు రంగుతో గుర్తు పెట్టుకోవాలి. మార్చేది ఏదైనా కుడి ఎడమలు జంటగా మార్చాలి.

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది మెకానిక్కులు కూడా పట్టించుకోనిది. కీళ్లలో రబ్బరు బుష్షులుంటాయి. ఆ రబ్బరు జారదు, మెలి తిరుగుతుంది. బండి స్టాండ్ల మీద, చక్రాలు కిందికి వేలాడుతూ వుండగానే బోల్టులు బిగించేస్తే రబ్బరు ఆ వేలాడే భంగిమలోనే అతుక్కుపోతుంది. బండిని నేలకు దించగానే అది ఎప్పుడూ మెలిపడి వుంటుంది. కొద్ది నెలలకే చీలుతుంది. ఎత్తు కూడా సరిగా కూర్చోదు. కాబట్టి బోల్టులు చేతి బిగువు వరకే పెట్టి, బండి బరువు చక్రాల మీదకు వచ్చిన తరువాత కంపెనీ పుస్తకంలో రాసిన కొలతకు, కొలత చూపే పానాతో బిగించాలి. నట్టింట కూర్చుని సామాను ఏ కంపెనీదని వాదించుకునేవాళ్లు యీ ఒక్క సంగతిలో తప్పితే ఎంత ఖరీదైన సామానూ దండగే. కొంతదూరం తిరిగాక అన్ని బోల్టులూ మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఆ తరువాత అలైన్‌మెంటు. ఎత్తు మారితే చక్రాల కోణం మారుతుంది. సరిచేయించకపోతే టైర్లు ఒక పక్కనే అరిగిపోతాయి.

ఇదంతా విని, హైదరాబాదులో వున్న మన పిల్లలు ఉత్సాహపడతారేమో. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగింది. కరెంటుతో నడిచే కార్లు, 18 మలుపులు. ఫ్రాన్సు దేశస్థుడు జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. అది చూసి వచ్చిన కుర్రవాళ్లకు తమ కారు కూడా నేలకు ఆనుకుని పోవాలనిపిస్తే తప్పు పట్టలేము. కాని మన దేశంలో చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద, కంపెనీవారి అసలు నమూనాకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరి 9న తీర్పు చెప్పింది. ఆ సంవత్సరమే వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. అరిగిన షాక్ అబ్జార్బరు తీసి అదే నమూనా కొత్తది వేసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. మన రోడ్లకు కావలసింది కూడా అదే. స్పీడు బ్రేకర్ల దగ్గర అడుగు రాసుకునే కారుతో నాందేడు చేరేలోపు సరదా అంతా తీరిపోతుంది.

మీ ఇంటి ముందున్న కారు సంగతి తెలుసుకోవడానికి పనిముట్లేమీ అక్కరలేదు. బండి ఒక మూలన, చక్రం పైభాగాన రెండు చేతులూ ఆనించి గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదుటపడితే షాక్ అబ్జార్బరు బాగున్నట్టే. రెండు మూడుసార్లు ఊగితే దాని పని అయిపోయింది. నాలుగు మూలలా అలాగే చూడండి. గొట్టం మీద నూనె చెమ్మ వున్నదేమో వంగి చూడండి. వున్నదంటే వర్షాలు పడకముందే మార్పించండి. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు చక్రం నేలను వదలకూడదు.