మేక మెచ్చిన రొట్ట
ఎండిన జొన్నచొప్పలో మాంసకృత్తులు నూటికి 5 పాళ్లకు అటునిటుగా నుండగా, తడి పోగా లెక్కించిన సుబాబుల్ ఆకులో 20 పాళ్లకు పైబడి యుండుటను, నడివేసవిలో పచ్చిక మాడినను లోతువేళ్ల తుమ్మయు జమ్మియు పచ్చగా నిలుచుటను ఎరిగినవారెవ్వరును, గడ్డిని విడిచి పొదకెగబ్రాకు మేకను అవివేకి యనజాలరు. సుబాబుల్‌లోని మైమోసిన్ అతిగా మేసిన జీవమునకు వెండ్రుకలు రాల్చును. తుమ్మ వగరు మితిమీరినచో మాంసకృత్తులనే అరుగనీయదు. ఐనను స్వేచ్ఛగా తిరుగు మేక ఒక్క చెట్టునే పట్టుకొని యుండదు గనుక (ఈ విషయమున మనకన్న దానికే జిహ్వానిగ్రహ మధికము) ఆ దోషము, దానిని కట్టివేసి నిత్యము ఒకే రొట్ట వేయు యజమానిది. హైదరాబాదు నగరపు కాటేదానున మాత్రము నా మాట వేరు: అచటి పారిశ్రామికవాడ మన్నులో సీసము, క్రోమియము వంటి లోహములు మోతాదు మించియున్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించియుండగా, ఆ కర్మాగారముల ప్రహరీల వెంబడి దుమ్ము పట్టిన ఆకును, ఎంత పోషకమైనను, మేకకు పెట్టరాదు, మేతచెట్లను శంషాబాదు వైపు బీళ్లలో, పొలముగట్లపై నాటింపవలెను.