పాత కంప్యూటర్‌కు కొత్త మెమరీ కార్డు: మన పిల్లలకు ఇందులో ఒక పాఠం ఉంది



ఈ సాయంత్రం మీ పాపనో బాబునో ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి. "నువ్వు సేవ్ చేసిన ప్రాజెక్టు ఫైలు ఎక్కడుంది?" "డాక్యుమెంట్స్‌లో" అంటారు. "ఆ డాక్యుమెంట్స్ ఎక్కడుంది?" అంటే "ల్యాప్‌టాప్‌లో" అనో, "క్లౌడ్‌లో" అనో జవాబొస్తుంది. "ల్యాప్‌టాప్‌లో ఎక్కడ?" అని మూడోసారి అడిగితే చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. పిల్లలనేముంది, పెద్దవాళ్లం మనమూ అంతే. రోజూ వాడే వస్తువే అయినా లోపల ఏం జరుగుతోందో కనబడకుండా మూత బిగించి మన చేతికిచ్చారు.

ఆ మూత తీసి చూపించడానికి ఒక మంచి మార్గం ఉంది. నలభై ఏళ్ల నాటి హోమ్ కంప్యూటర్‌కు ఈనాటి మెమరీ కార్డు తగిలించి పిల్లల ముందు పెట్టడం. వినగానే ఎడ్లబండికి జీపీఎస్ పెట్టినట్టు అనిపించవచ్చు. అయినా ప్రతి స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌లోనూ ఇలాంటి బల్ల ఒక్కటైనా ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

బడి కోసం పుట్టిన యంత్రం

బీబీసీ మైక్రో అనే కంప్యూటర్‌నే తీసుకుందాం. బ్రిటన్‌లో సామాన్య ప్రజలకూ బడిపిల్లలకూ కంప్యూటర్ నేర్పాలని బీబీసీ సంస్థ ఒక కార్యక్రమం తలపెట్టింది. దాని కోసం కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో ఈ యంత్రాన్ని తెచ్చింది. మోడల్ బీలో ఉన్న మెమరీ 32 కేబీ, ప్రాసెసర్ వేగం 2 మెగాహెర్ట్జ్. మీ ఫోన్‌లో తీసిన ఒక ఫొటో 3 ఎంబీ ఉందనుకోండి. ఆ ఒక్క ఫొటో పట్టాలంటే ఇలాంటి కంప్యూటర్ల మెమరీ 96 కలపాలి.

మనకూ దీనితో చుట్టరికం ఉంది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టింది. ఆ బడులకు చేరినవి ఈ బీబీసీ మైక్రోలే. మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఆ రోజుల్లో టీచర్‌గా పనిచేసి ఉంటే అడిగి చూడండి, గుర్తుండొచ్చు.

ఈ యంత్రం ఆన్ చేస్తే లాగిన్ ఉండదు, అప్‌డేట్ ఉండదు, ప్రకటన రాదు. చిన్న బీప్ శబ్దం, ఆ వెంటనే "ఏం చేయమంటావు?" అన్నట్టు ఒక గుర్తు. పిల్లవాడు బేసిక్ భాషలో ఒక వాక్యం టైప్ చేస్తే అది అక్కడికక్కడే జవాబిస్తుంది. పిల్లల బుర్రకు పూర్తిగా అందేంత చిన్న కంప్యూటర్ అది. దాని విలువంతా అందులోనే ఉంది.

ముందు పాడయ్యేది ఏది?

నలభై ఏళ్ల తర్వాత కూడా ఇలాంటి యంత్రాల్లో ప్రాసెసర్, మెమరీ చిప్పులు చాలాసార్లు బాగానే పనిచేస్తాయి. తిరిగేవి, అరిగేవి ముందు పాడవుతాయి. టేప్ రికార్డర్‌లో రబ్బరు బెల్టు సాగిపోతుంది. ఫ్లాపీ డిస్కులకు తేమ తగిలి బూజు పడుతుంది. ఫ్లాపీలు కొత్తవి కొందామన్నా దొరకడం కష్టం. సోనీ లాంటి పెద్ద కంపెనీయే 2011లో వాటి అమ్మకం ఆపేసింది.

అన్నీ బాగున్నా ఓపిక కావాలి. బీబీసీ మైక్రో క్యాసెట్ నుంచి సెకనుకు 1200 బిట్ల వేగంతో చదువుతుంది. ఒక్కో బైటుకు 10 బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు 120 బైట్లు. ఆ లెక్కన 20 కేబీ ప్రోగ్రాం లోడ్ కావడానికి దాదాపు 3 నిమిషాలు. మధ్యలో టేప్ ఒక్కసారి తడబడితే వెనక్కి తిప్పి మళ్లీ చదివించాలి. నలభై నిమిషాల పీరియడ్‌లో ఇది కుదిరే పని కాదు.

కార్డు వేసే వేషం

ఇక్కడే కొత్త పరికరాల అవసరం వచ్చింది. కారులో క్యాసెట్ ప్లేయర్ మాత్రమే ఉన్న రోజుల్లో, క్యాసెట్ ఆకారంలోనే ఉండి వైరుతో ఫోన్‌కు తగిలించుకునే అడాప్టర్ గుర్తుందా? పాటలు ఫోన్‌లోంచి వచ్చేవి, కారు మాత్రం తనలో క్యాసెట్ తిరుగుతోందనే అనుకునేది. పాత కంప్యూటర్ల స్టోరేజ్ ఎమ్యులేటర్ చేసేదీ అదే. ఒక రకంగా వేషం కట్టడం.

ఇందులో రెండు పద్ధతులు ఉన్నాయి. గోటెక్ అనే పరికరం నేరుగా ఫ్లాపీ డ్రైవ్ వేషమే వేస్తుంది. ఫ్లాపీ కేబుల్‌కు తగిలించి యూఎస్‌బీ పెన్ డ్రైవ్ పెడితే చాలు. "డిస్కు ఒక చుట్టు తిరిగింది", "మొదటి ట్రాక్ దగ్గరకు వచ్చాను" అని అసలు డ్రైవ్ ఇచ్చే సంకేతాలన్నీ ఇస్తుంది. తిరిగేది ఏదీ లేదని కంప్యూటర్‌కు తెలియదు. ఇది కేవలం సరదా కోసం పుట్టిన వస్తువు కాదు. ఫ్లాపీల మీద ఆధారపడిన ఎంబ్రాయిడరీ మెషిన్లు, సంగీత కీబోర్డులు మూలన పడకుండా ఉండటానికీ దీన్నే వాడుతున్నారు.

రెండో పద్ధతిలో, బీబీసీ మైక్రో అడుగునున్న యూజర్ పోర్టుకు చిన్న అడాప్టర్‌తో ఎస్‌డీ కార్డు కలిపి, ఆ కార్డు భాష తెలిసిన ఒక రోమ్ చిప్పును లోపల అమరుస్తారు. ఇది చదవడానికి మాత్రమే వీలైన మెమరీ చిప్పు. ఒక్క కార్డు మీద 511 ఫ్లాపీలు పడతాయి. ఒక్కోటీ 200 కేబీ చొప్పున అన్నీ కలిపి దాదాపు 100 ఎంబీ.

సౌకర్యం సరే, పాఠం ఏదీ అంటారా? ఫ్లాపీ ఇప్పుడు ఒక మామూలు ఫైలుగా మారింది. ఆ ఫైలును ల్యాప్‌టాప్‌లో హెక్స్ ఎడిటర్‌తో తెరిస్తే అందులోని ప్రతి బైటూ కంటికి కనబడుతుంది. బీబీసీ మైక్రో డిస్కులో ఒక వైపు 31 ఫైళ్లే పడతాయి. 31 ఎందుకు? డిస్కులో మొదటి 256 బైట్లు పేర్ల పట్టిక. ఒక్కో పేరుకు 8 బైట్లు. 256ను 8తో భాగిస్తే 32. అందులో ఒక వాటా డిస్కు పేరుకు పోగా మిగిలింది 31. ఆ తర్వాతి 256 బైట్లలో ఏ ఫైలు ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవో రాసి ఉంటుంది. ఆరో తరగతి పిల్లలు కాగితం మీద చేయగల లెక్క ఇది. ఆ లెక్క చేసిన పాప తన ఫైలు పేరు మీద వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడుంది" అని చూపించగలదు.

ఆ ఫైలును డిలీట్ చేయించి మళ్లీ చూపించండి. పట్టికలో పేరు పోతుంది, లోపలి సమాచారం అలాగే ఉంటుంది. మెమరీ కార్డులో డిలీట్ చేసిన ఫొటోను ఇంకొకరు తిరిగి బయటికి తీయగలిగేది చాలావరకు ఇందుకే. "జాగ్రత్తగా ఉండమ్మా" అని వందసార్లు చెప్పేకన్నా ఇది ఒక్కసారి చూడటం మేలు.

నెట్‌వర్క్ దగ్గర దుబాసీ

నెట్‌వర్క్ సంగతీ ఇంతే. ఏకార్న్ కంపెనీ బడుల్లాంటి చోట్ల కోసం ఎకోనెట్ అనే నెట్‌వర్క్ తయారుచేసింది. ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నీ ఒకే కేబుల్ మీద ఉంటాయి. ఒక్కోదానికి ఒక నంబరు. అందరికీ కలిపి ఒకే డిస్కు, ఒకే ప్రింటర్. టీచర్ తన బల్ల దగ్గర నుంచే ఏ పిల్లవాడి స్క్రీన్ అయినా చూడగలిగే కమాండ్ కూడా ఉండేది. అప్పట్లో ఆ ఉమ్మడి డిస్కును నడిపించే కంప్యూటర్ స్థానంలో ఇప్పుడు రాస్ప్‌బెరీ పై అనే అరచేతి సైజు బోర్డును కూర్చోబెట్టవచ్చు.

ఇందులో ఒక ముచ్చట ఉంది. ఆర్మ్ ప్రాసెసర్‌ను రూపొందించింది ఇదే ఏకార్న్ కంపెనీలోని సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్. 1985 ఏప్రిల్‌లో తొలి ఆర్మ్ చిప్పును బీబీసీ మైక్రోకు తగిలించే పరీక్షించారు. ఇవాళ మన ఫోన్లలో దాదాపు అన్నింటిలో ఉన్నది ఆ వంశపు ప్రాసెసరే. రాస్ప్‌బెరీ పైలోనూ అదే. అంటే ఈ ల్యాబ్ బల్ల మీద మనవడు తాతయ్య చేయి పట్టుకుని నడిపిస్తున్నట్టే.

1979 నాటి అటారీ కంప్యూటర్లకు ఫుజీనెట్ అనే పరికరం ఉంది. అది డిస్కుగా, మోడెమ్‌గా, ప్రింటర్‌గా వేషాలు మారుస్తుంది. ప్రింట్ కొడితే కాగితం బదులు పీడీఎఫ్ వస్తుంది. వై-ఫై ద్వారా ఇంటర్నెట్‌కూ కలుపుతుంది. ఇప్పటి వెబ్‌సైట్ల ఎన్‌క్రిప్షన్ ఆ పాత ప్రాసెసర్ వల్ల అయ్యే పని కాదు. అందుకని ఈ పరికరం దుబాసీలా మధ్యలో నిలబడి, బయటి ప్రపంచంతో దాని భాషలో, కంప్యూటర్‌తో దీని భాషలో మాట్లాడుతుంది. ఇద్దరి మధ్యా ముందే కుదిరిన ఒప్పందం ఉంటే చాలు, ఒకరి వయసు ఒకరికి అడ్డు కాదు. దాన్నే ప్రోటోకాల్ అంటారు. మీరు రోజూ చేసే యూపీఐ చెల్లింపు కూడా అలాంటి ఒప్పందాల మీదే నడుస్తోంది.

మీరు అడగబోయే ప్రశ్నలు

"దీనివల్ల మార్కులొస్తాయా?" దీంతో ర్యాంకు వస్తుందని నేను చెప్పను. బైట్లు, భాగహారాలు, ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని పుస్తకంలో చదివినవి చేత్తో పట్టుకున్న పిల్లలు వాటిని బట్టీ పట్టరని మాత్రం చెప్పగలను.

"ఆ దుబాసీ పరికరంలోని చిప్పే పాత కంప్యూటర్ కన్నా శక్తిమంతమైనది కదా, ఇంక పాతది దేనికి?" నిజమే. ఫుజీనెట్‌లోని చిప్పు 240 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. అటారీ వేగం 2 మెగాహెర్ట్జ్ కూడా లేదు. కానీ సైకిల్ నేర్చుకునే పిల్లాడి వెనక పరుగెత్తే నాన్న పిల్లాడి కన్నా వేగంగానే పరుగెత్తగలడు. నేర్చుకునేది ఎవరో, ఆసరా ఎవరో మరిచిపోకూడదు. ఇక్కడ పాఠం ఉన్నది చిన్న యంత్రంలోనే.

"ల్యాప్‌టాప్‌లోనే పాత కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఉందట కదా?" ఉంది. బ్రౌజర్‌లో ఉచితంగా నడుస్తుంది. ఇంట్లో పిల్లలకు అదే చాలు, దయచేసి ఎవరూ పాత కంప్యూటర్ల కోసం డబ్బు పోయకండి. అసలు యంత్రం, దానికి వైరుతో తగిలిన కార్డు ల్యాబ్‌లో ఒక్క బల్ల మీద ఉంటే చాలు. వైరు పీకితే ఏమవుతుందో స్క్రీన్ మీద బొమ్మ చెప్పలేదు.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో కొన్ని పాత కెపాసిటర్లు పగిలి పొగ రావడం మామూలే. తెలిసిన టెక్నీషియన్ చూడకుండా ఏ పాత యంత్రాన్నీ ప్లగ్‌లో పెట్టకూడదు. రెండోది, పాత గేమ్ అయినా దానికి హక్కుదారు ఉండొచ్చు. అనుమతి ఉన్నవే వాడాలని పిల్లలకు అక్కడే నేర్పాలి.

తొమ్మిది వందల ఏళ్ల పుస్తకం, పదహారేళ్ల డిస్కు

ఈ పాఠం ల్యాబ్‌తో ఆగేది కాదు. 1086లో ఇంగ్లండ్ రాజు తన దేశంలోని భూములు, ఆస్తుల వివరాలు రాయించాడు. దాని పేరు డూమ్స్‌డే బుక్. తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ కొత్త డూమ్స్‌డే ప్రాజెక్టు చేసింది. పది లక్షల మందికి పైగా పాలుపంచుకున్నారు. వారిలో బడిపిల్లలు ఎందరో. తమ ఊరి గురించి, తమ రోజువారీ జీవితం గురించి రాశారు, ఫొటోలు పంపారు. అదంతా లేజర్ డిస్కుల మీదకు ఎక్కించారు. దాన్ని చదవడానికి ప్రత్యేకమైన ప్లేయర్, బీబీసీ కంప్యూటర్ కావాలి. 2002 నాటికి పనిచేసే ప్లేయర్లు అరుదైపోయి, ఆ సమాచారమంతా చేజారిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. లీడ్స్, మిషిగాన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ పాత యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎమ్యులేట్ చేసి మళ్లీ తెరిచి చూపించారు. 1086 నాటి పుస్తకం మాత్రం ఏ పరికరమూ లేకుండా ఇప్పటికీ చదవవచ్చు.

మన తెలుగువాళ్లకు ఇది తెలియని కథ కాదు. తాటాకు చెదపట్టేలోగా ఇంకో ప్రతి రాయించుకోవడం మన పెద్దల అలవాటు. సీపీ బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి తాటాకు ప్రతులను కాగితం మీదకు ఎత్తించకపోతే వేమన పద్యాలు ఇన్ని మనదాకా వచ్చేవా? ఎత్తి రాసేవాడు ఉన్నంతకాలమే అక్షరం బతుకుతుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి చూడండి. మీ పెళ్లి వీడియో క్యాసెట్, పాప మొదటి పుట్టినరోజు సీడీ, నాన్నగారి గొంతు ఉన్న పాత ఫోన్ మెమరీ కార్డు. వీటిలో ఎన్ని ఈరోజు తెరుచుకుంటాయి?

వచ్చే సెలవుల్లో ఒక పూట కేటాయించండి. పిల్లలతో కలిసి అటక మీది పెట్టె దింపండి. ఏది దేని మీద ఉందో, దాన్ని చదవడానికి ఏ పరికరం కావాలో పిల్లల చేతే ఒక పట్టిక రాయించండి. ఇంకా తెరుచుకునేవాటిని వెంటనే కాపీ చేసి రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. తెరుచుకోనివాటిని పారేయకండి, చదివించే మార్గం వెతకండి. ల్యాబ్‌లో ఆ ఒక్క బల్ల ఏర్పాటు గురించి ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మీరే అడగండి. మీరు అడిగితే దానికి బలం వస్తుంది.