బొమ్మలు గీసే చెయ్యి కువైటులో స్టీరింగే పట్టాల్నా?

మైదుకూరు చుట్టుపక్కల ఏ ఎస్సీ కాలనీకి పోయినా కువైటు మాట వినపడుతుంది. మొగోళ్లు డ్రైవర్లుగా, ఆడోళ్లు ఇంటిపనికి పోతున్నారు. అట్లా పోయి సెలవుకొచ్చిన ఒక పిల్లోడు మొన్న నా దగ్గర కూర్చున్నాడు. కాలనీ గోడ మీద బాబాసాహెబ్ బొమ్మ గీసింది వాడే. ఆరేండ్లుగా అరబ్బు ఇంట్లో కారు తోలుతున్నాడు.

"అన్నా, ఇంక ఈ డ్రైవరు పని నాతో కాదు. బొమ్మల క్లాసులో చేరి బాగా నేర్చుకుంటా. ఆ పని మీదనే మళ్లా ఆ దేశం పోతా. తప్పా?" అన్నాడు.

"బొమ్మలు కూడు పెడతాయా నాయనా? అప్పెవరు తీర్చాల?" అని వాళ్లమ్మ ఏడుపు. కాలనీ పెద్దోళ్లయితే నవ్వినారు.

తల్లి ఏడుపులో న్యాయముంది. వడ్డీ ఎవరి కోసమూ ఆగదు. కానీ ఆ నవ్వు మనది కాదు. అది మనువాదం మన నోట్లో పెట్టిన నవ్వు. చేతిపనంతా మనచేత చేయించి దానికి కూలి అని పేరు పెట్టినారు. కళ అనే మాటను మాత్రం తమ ఇండ్లలో దాచుకున్నారు. మనం డప్పు కొడితే వెట్టి, చెప్పు కుడితే కులపని. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. ఆయన కష్టానికి దక్కిన గౌరవం అది. మనం అడిగేది ఒకటే: బొమ్మయితే కళ అయిన తోలు, మన పేటలో ఉన్నప్పుడు మైల ఎందుకయింది?

బాబాసాహెబ్ వయసు మళ్లినాక వయొలిన్ నేర్చుకున్నాడు, బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. రాజ్యాంగం రాసిన మనిషికి లేని సిగ్గు మనకెందుకు? నాగపూర్‌లో పుట్టిన దళిత చిత్రకారుడు సవి సావర్కర్ అంటరానితనాన్నే బొమ్మలుగా గీసి లోకానికి చూపించినాడు. మన బతుకును మనం గీయకపోతే ఇంకెవరో వాళ్లకు తోచినట్టు గీస్తారు.

కాబట్టి తమ్ముడూ, నీ కోరిక తప్పు కాదు. తొందరపాటే తప్పు. ఇంటిపని కింద ఇచ్చే ఇరవై నంబరు వీసా నిన్ను ఒక్క ఇంటికి కట్టేస్తుంది. ఆ వీసా మీద పోయి బయట బొమ్మల పని చేస్తే పట్టుకొని తిప్పి పంపుతారు. ఇరవై నుంచి కంపెనీ వీసా అయిన పద్దెనిమిదికి మారే వీలు 2024లో రెండు నెలలు ఇచ్చి మూసేసినారు. అందుకే ఆర్టిస్టు వీసా ఇప్పిస్తానని ఏజెంటు చెప్పే మాట నమ్మి రూపాయి కట్టొద్దు. పని పేరు, జీతం కాగితం మీద చూసినాకనే కదులు.

ఇంకో నిజం. బోర్డులు చేత్తో రాసే పనిని ఫ్లెక్సీలు ఎప్పుడో మింగేసినాయి. కుంచెతో పాటు కంప్యూటర్ డిజైనూ రావాల. ఇంటర్ పాసయినోళ్లకు కడపలోనే దారుంది. 2020లో పెట్టిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేండ్ల బీఎఫ్ఏ చదవొచ్చు. అంత కాలం కూర్చోలేనోళ్లు ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాయొచ్చు. చేతిలో సర్టిఫికెట్టూ, గీసిన బొమ్మల కట్టా ఉంటే నీ మాటకు విలువుంటుంది. అప్పు తీరేదాకా ఉన్న పని వదలొద్దు.

కువైటు 2015లో చేసిన ఇంటి పనివాళ్ల చట్టం ప్రకారం వారానికొక రోజు సెలవు ఇవ్వాల, రోజుకు పన్నెండు గంటలు మించి పని చేయించకూడదు. చట్టం ఉన్నా అడిగే ధైర్యం అందరికీ ఉండదు. గుంపుగా అడిగితే కొంతన్నా దొరుకుతుంది. ఆ సెలవు రోజే నీ బొమ్మల క్లాసు అనుకో. అక్కడ ఇంటిపని చేసే మన అక్కచెల్లెండ్లకూ ఆ రోజు కావాల. వాళ్ల చేతుల్లోనూ ముగ్గు ఉంది, కుట్టు ఉంది.

సర్కారు సంగతీ చెప్పుకోవాల. ఎస్సీ పిల్లలు పైదేశంలో పెద్ద చదువులు చదివేందుకిచ్చే జాతీయ స్కాలర్‌షిప్ నుంచి మన దేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చేసే చదువులను కేంద్రం 2022లో తీసేసింది. అంటే మన కథ మనం చెప్పుకునే చదువుకు పైసా ఇవ్వరన్నమాట. పైదేశం పోయి కారు తోలితే, అంట్లు తోమితే ఎవరికీ అభ్యంతరం లేదు!

ఇక మన ఉద్యమం మాట. సభ పెడితే బ్యానర్ కోసం ప్రొద్దుటూరుకు పరిగెత్తుతాం. బొమ్మ గీసే మన పిల్లోడు మాత్రం ఎడారిలో కారు తుడుస్తుంటాడు. ఊరూరా ఉన్న అంబేడ్కర్ భవనాలు జయంతికీ వర్ధంతికీ తాళం తీయడానికేనా? ప్రతి ఆదివారం రెండు గంటలు బొమ్మల క్లాసు పెడదాం. కాగితాలు, రంగులు చందాలతో కొందాం. సెలవుకొచ్చిన ఆ పిల్లోడే మొదటి పంతులు. నేర్పుతూ తనూ నేర్చుకుంటాడు.

నవ్వినోళ్లు కూడా రాండి. మీ పిల్లల చేతికి ఒక పెన్సిలియ్యండి.

జై భీమ్.