వెనక బెంచీకి అర్థమయ్యే తెలుగు

పోయిన నెల ఆరాధన అయ్యాక మా సంఘ కమిటీ కూర్చుంది. పెద్ద విషయం ఒకటే. ఆదివారం తొమ్మిదిన్నరకు జరిగే తెలుగు ఆరాధనను పొద్దున ఏడింటికి జరిపి, ఆ తొమ్మిదిన్నర సమయం ఇంగ్లీషు ఆరాధనకు ఇవ్వాలా వద్దా అని. కారణం అందరికీ తెలిసిందే. బెంగళూరులో పుట్టి పెరిగిన మన పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పదో తరగతి దాటగానే ఒక్కొక్కరే పెద్ద ఇంగ్లీషు చర్చీలకు వెళ్లిపోతున్నారు. కాలంతో పాటు మారకపోతే ఇంకో పదేళ్లలో తలుపులు మూసుకోవాల్సిందే అని పెద్దవాళ్లే అన్నారు.

దాచుకోవడం ఎందుకు, ఆ రోజు మా ఇంటివాళ్లమంతా ఇంగ్లీషు వైపే మాట్లాడాం. తీర్మానం మాత్రం వచ్చే మీటింగుకు వాయిదా పడింది. ఈలోపు మా మనసు మారింది. ఎందుకు మారిందో రాయాలనిపించింది.

ఆ రోజు మెట్లు దిగుతుంటే, వెనక బెంచీలో కూర్చునే ఒకావిడ అమ్మను ఆపింది. కర్నూలు వైపు మనిషి. భర్త సెంట్రింగ్ పనికి వెళ్తాడు, తను అపార్ట్‌మెంట్లలో ఇళ్ల పని చేస్తుంది. "ఏడింటికంటే మాకు పడదు గదమ్మా. ఆ టయానికి నేను గిన్నెలు తోముతుంటా. ఇంగిలీషుదానికి వస్తే ఏం అర్థమైతది?" అంది. గొడవకు అడగలేదు, ఏం చెయ్యాలో తెలియక అడిగింది. అమ్మ దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాం. వెనక మూడు బెంచీల్లో కూర్చునేది ఎవరు? ఇళ్ల పని చేసేవాళ్లు, మేస్త్రీలు, హౌస్‌కీపింగ్ వాళ్లు, రాత్రి డ్యూటీ ఎనిమిదింటికి దిగే సెక్యూరిటీ గార్డులు. ఏడింటికి రాగలిగేది కార్లున్న మాలాంటివాళ్లమే. మరి వాళ్ల మాట కమిటీలో ఎందుకు రాలేదు? చాలామంది పేర్లు సభ్యుల రిజిస్టరులో లేవు. ఆరు నెలలు ఇక్కడ పని, ఆ తర్వాత ఇంకో సైటు. లేని పేర్ల తరఫున మాట్లాడేవాళ్లు ఎవరుంటారు?

మా తాతయ్య ఒంగోలు దగ్గరి పల్లె నుంచి హెచ్.ఎ.ఎల్.లో పనికి బెంగళూరు వచ్చినప్పుడు ఆయనకు ఇంగ్లీషు రాదు, కన్నడ రాదు. అలాంటివాళ్లు నలుగురైదుగురు ఒకరింటి వరండాలో చాప పరుచుకుని మొదలుపెట్టిన తెలుగు ప్రార్థనే ఇప్పటి మా సంఘం. ఆ చాప మీద తాతయ్య కూర్చున్న చోటే ఇవాళ ఈ కర్నూలు ఆవిడ కూర్చుంది. మనం కుర్చీలకు మారాం కాబట్టి చాప చుట్టేద్దామంటే ఎలా?

మార్పు వద్దని మా వాదన కాదు. తెలుగు సంఘాలు మొదటినుంచీ మారుతూనే ఉన్నాయి. మిషనరీల పడమటి బాణీలు మనవాళ్ల నోటికి ఎక్కనప్పుడు, 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు రాగాలు, తాళాలు పెట్టి మన పద్ధతిలో కీర్తనలు కట్టారు. ఈ రోజుకీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం కనిపిస్తాయి. ఇప్పుడు పాతది అనుకుంటున్న ఆ కీర్తన, ఆనాటికి కొత్త మార్పే.

తాతయ్య వాళ్ల వైపు పెద్దలు తరచూ చెప్పుకునే కథ ఇంకోటుంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. పూర్వం అమెరికాలో సర్వే పని చేసిన మనిషి కాబట్టి ఆ లెక్కలు ఆయనకు తెలుసు. పార పట్టుకోగలిగినవాళ్లకు కూలి దొరికింది. ఆయన బోధకులు పనివాళ్ల మధ్యే ఉన్నారు. సాయంత్రం పని ఆగాక వాళ్లతో కూర్చుని మాట్లాడేవారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. మాకు మాత్రం ఆ కాలువ పనే పెద్దగా కనిపిస్తుంది. కాలం కష్టంగా మారితే, పాస్టరే కాంట్రాక్టరయ్యాడు.

దోర్నకల్ సంగతీ అంతే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్యగారు తిరునెల్వేలి వైపు తమిళుడు. ఆయన తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో పరిచర్య చేశారు. జనాన్ని తన భాషకు రమ్మనలేదు.

ఈ ముగ్గురి దగ్గరా ఒకటే కనిపిస్తుంది. మార్పు వల్ల వచ్చే ఇబ్బందిని చదువు, వీలు ఉన్నవాళ్లే భరించారు. మా తీర్మానంలో అది తలకిందులైంది. వీలు మాది, ఇబ్బంది వాళ్లది.

ఇది మొదటిసారి కూడా కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు రెండు వారాల్లో ఆరాధన జూమ్‌లోకి మార్చేశాం. ఎంత తొందరగా మారామో అని మురిసిపోయాం. హాల్లో సోఫాలో కూర్చుని ఆమేన్ అన్నాం. స్క్రీన్ మీద చిన్న చిన్న డబ్బాల్లో కనిపించినవన్నీ మాలాంటి ముఖాలే. రేకుల షెడ్లలో ఉన్నవాళ్లు ఏమయ్యారని అడగడానికి మాకు చాలా రోజులు పట్టింది. కొందరు అప్పటికే ఊరికి పోయారు.

సరే, మరి పిల్లల సంగతి? అది ఉత్త సాకు కాదు. మా పెద్దవాడు ఒకసారి అడిగాడు, "పాస్టర్ అంకుల్ ప్రతివారం మీకు సమాధానం కలుగును గాక అంటారు, అసలు క్వశ్చన్ ఏంటి?" అని. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే వాడిది న్యాయమే. బడిలో, ఇంట్లో సమాధానం అంటే జవాబు. చర్చిలో శాంతి. వాక్యం అంటే బయట సెంటెన్సు, లోపల దేవుని మాట. ఇలాంటి మాటలు మాకు పుట్టినప్పటినుంచీ అలవాటు, అందుకే అడ్డం అనిపించవు.

కర్నూలు ఆవిడను అమ్మ మెల్లగా అడిగి చూసింది, ప్రసంగం అర్థమవుతుందా అని. "సగం అయితదమ్మా. పాటలైతే బాగుంటాయి" అంది. ఆవిడకూ పుస్తకం చదవడం రాదు. అప్పుడు తట్టింది మాకు. మా పిల్లాడు, ఆవిడ ఒకే చోట ఇరుక్కున్నారు. ఇద్దరికీ తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. ఇద్దరికీ అడ్డం పడుతున్నది మన గ్రాంథికం. ఒకరి కోసం తెలుగు తీసేసి ఇంకొకరిని పోగొట్టుకునే బదులు, తెలుగును తేలిక చేస్తే ఇద్దరూ నిలుస్తారు కదా!

అందుకే వచ్చే మీటింగులో మేం పెట్టబోయే మాటలు ఇవి. తొమ్మిదిన్నర ఆరాధన తెలుగులోనే ఉండాలి. ప్రసంగం మాట్లాడే తెలుగులో, ఇరవై నిమిషాలకు మించకుండా ఉండాలి. చివర్లో మూడు నిమిషాలు ఇంగ్లీషులో సారాంశం చెప్పొచ్చు. పాత పద్ధతిలో ఒకరు చరణం అందిస్తే అందరూ అందుకునేలా కీర్తనలు పాడాలి. దానికి చదువు అక్కర్లేదు, పల్లెల్లో మన అమ్మమ్మలు నేర్చుకున్నది అలాగే. స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాట వేస్తే పెద్దలు నొచ్చుకోవద్దు, అది మన వంతు సర్దుబాటు. ఇంగ్లీషు ఆరాధన కావాలనుకుంటే ఏడింటికి పెట్టుకుందాం, కార్లున్నది మనకే. సెక్యూరిటీవాళ్ల కోసం నెలకు రెండు సాయంత్రాలు సైట్ల దగ్గరే ప్రార్థన పెడదాం. మన కాలేజీ పిల్లలు ఆరాధన తర్వాత ఒక బల్ల వేసుకుని కూర్చుని ఆధార్, రేషన్, బ్యాంకు ఫారాలు నింపిపెడితే, వాళ్లకు తెలుగూ వస్తుంది, పరిచర్య అంటే ఏమిటో కూడా తెలుస్తుంది.

ఇంత చేసినా కొందరు పిల్లలు వెళ్లిపోతారు. అది మాకు తెలుసు, ఆ పిల్లల్లో మావాళ్లూ ఉండొచ్చు. వాళ్లకు ఈ ఊళ్లో వెళ్లడానికి వంద చర్చీలున్నాయి. కర్నూలు ఆవిడకు ఎన్ని ఉన్నాయి?

పుణేలోనో, చెన్నైలోనో, హ్యూస్టన్‌లోనో ఇది చదువుతున్న మీకూ ఒక తెలుగు సంఘం ఉండే ఉంటుంది. వచ్చే ఆదివారం ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ఆరాధన టైము ఎవరి వీలు చూసి పెట్టారో అడగండి. మీరేం చేస్తున్నారో మాకూ చెప్పండి, మా మీటింగులో పనికొస్తుంది.