గృహవిజ్ఞానము: పీచు కలిసిన ప్లాస్టికు

గోడ మెత్తునపుడు మట్టిలో గడ్డిపరకలును ఊకయు ఏల కలుపుదురో మన పెద్దలెఱుగుదురు. వట్టి మట్టి యెండగనే బీటలు వాఱును. పరకలు దానిని పట్టి నిలుపును. కాగితములు నానవైచి, మెంతులతో రుబ్బి, బుట్టలకు మెత్తుటయు నీ నేర్పే. అంటించునది యొకటి, పట్టియుంచునది యొకటి. రెండును కూడిననే గట్టిదనము.

ప్లాస్టికులో నార కలుపుటయు నిట్టిదే. కుక్కరునకుండు నల్లని పిడి సాధారణముగా బేకలైటుతో చేయబడును. 1907లో అమెరికాలో బేక్లాండు అను రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొనిన యీ పదార్థము ఒంటిగా నుండిన పెళుసు. కొయ్యపొడి చేరిన పిమ్మట దెబ్బకోర్చును. నేడు జనుపనార, గోగునార, కొబ్బరిపీచు మున్నగువానిని గూడ ప్లాస్టికులలో కలుపుచున్నారు. గాజునార నీటికంటె రెండున్నర రెట్లు బరువు. జనుపనార ఇంచుమించు ఒకటిన్నర రెట్లే. ఈ తేలికదనముచేతనే 1990వ దశకమునుండి జర్మనీలో మోటారుకార్ల తలుపుల లోపలి పలకలకు మొక్కల నారను వాడసాగిరి.

నారకు నీరన్న ప్రీతి, ప్లాస్టికునకు నీరన్న గిట్టదు. అందుచే నారను కాస్టిక్ సోడా నీటితో కడిగి, బాగుగ నెండబెట్టి కలుపుదురు. వేడి సుమారు 200 డిగ్రీలు దాటినచో తాలింపువలె నార మాడును.

పసుపు పండించు కమ్మర్‌పల్లి ప్రాంతమువారికి ఈ విషయము దూరమైనది కాదు. ఆ యూర పసుపు పరిశోధన కేంద్రమున్నది. కర్మాగారములలో పసుపునుండి రంగుసారమును తీసిన పిమ్మట పిప్పి విస్తారముగా మిగులును. మైసూరు పరిశోధకులు దానిని ప్లాస్టికులలో కలిపి పరీక్షించియున్నారు. పాఱవేయు పిప్పికి నుపయోగము కలుగుట మేలే.

అయినను కొనువారు ఒక సంగతి మఱువరాదు. పసుపు కలియనిండు, వెదురు కలియనిండు, అంటించునది నేలనూనెనుండి పుట్టిన ప్లాస్టికైనచో ఆ వస్తువు మట్టిలో కలిసిపోదు. "వెదురు గిన్నె" యని అంగడిలో అమ్మువానిలో కొన్ని, వెదురుపొడిని మెలమిను జిగురుతో అచ్చుపోసినవి. వానిలో వేడి పానీయములు పోసినచో మెలమినును ఫార్మాల్డిహైడును అధికముగ దిగవచ్చునని 2019లో జర్మనీ ప్రభుత్వ పరిశీలన సంస్థ హెచ్చరించినది. అట్టి పాత్రల యమ్మకమును అరికట్టుటకు 2021లో ఐరోపా సంఘము పూనుకొన్నది.

కావున బిడ్డలకు వేడిపాలు, ఇంటివారికి చారు, కాఫీ పోయుటకు స్టీలుపాత్రలో, పింగాణియో వాడుట క్షేమము. వెదురు గిన్నె యింట నుండినచో, దానిలో వేయించిన పల్లీలో, అటుకులో చల్లార్చి పెట్టుకొనవచ్చును. మైక్రోవేవు పొయ్యిలో మాత్రము పెట్టరాదు. ఇకమీదట "ప్రకృతి సిద్ధము" అని వర్తకుడు చెప్పినపుడు, ఇందు కలిసిన నార యేదని యడిగి యూరకుండక, దానిని అంటించిన జిగురేదని గూడ అడుగుడు.