తెరచిన గ్రంథం, మూసిన ఉత్తరం

మానవుడు రాయడం నేర్చిన నాటి నుంచి తన రాతను పరుల కంట పడకుండా కాపాడుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాడు. ఆ రాతను ఛేదించే ప్రయత్నం కూడా ప్రాచీనమైనదే. 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో జీవించిన తత్త్వవేత్త అల్ కిందీ ఈ విషయంపై అరబ్బీలో ఒక గ్రంథం రచించాడు. ప్రతి భాషలోనూ కొన్ని అక్షరాలు ఎక్కువగా, కొన్ని తక్కువగా వస్తాయి. కనుక గూఢలిపిలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించితే దాని వెనుకనున్న అక్షరాన్ని పట్టుకోవచ్చునని ఆయన వివరించాడు. తెలుగు, ఉర్దూ రెండూ చదివే మన విద్యార్థులు చెరొక భాషా పత్రికను ముందుంచుకొని అక్షరాలను లెక్కించి చూస్తే ఈ సూత్రం వెంటనే బోధపడుతుంది.

పద్ధతిని దాచినంత మాత్రాన రహస్యం నిలవదన్నది ఇందులోని పాఠం. 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే పండితుడు సైనిక గూఢలిపిని గురించి రాస్తూ, పద్ధతి యావత్తూ శత్రువు చేతికి చిక్కినా నష్టం కలగరాదనీ, తాళంచెవి ఒక్కటి రహస్యంగా ఉంటే చాలాలనీ సూత్రీకరించాడు. నేడు ఇంటర్నెట్‌లో మన ఉత్తరాలను, బ్యాంకు లావాదేవీలను కాపాడుతున్న ఓపెన్ సోర్స్ ఎన్‌క్రిప్షన్ ఈ సూత్రానికి నిలువెత్తు నిదర్శనం. ఆ ప్రోగ్రాముల రాత అంతా తెరచిన గ్రంథం. ఎవరైనా చదవవచ్చు, లోపముంటే ఎత్తి చూపవచ్చు. ఉత్తరం మాత్రం మూసే ఉంటుంది.

ఇంత సాధువైన విషయం రాజకీయ వివాదంగా ఎందుకు మారింది? 1991లో అమెరికాకు చెందిన ఫిలిప్ జిమ్మర్మన్ 'ప్రెటీ గుడ్ ప్రైవసీ' అనే ప్రోగ్రామును రచించి ప్రజలకు ఉచితంగా ఇచ్చాడు. ఇందులో ప్రతి వ్యక్తికీ రెండు తాళంచెవులుంటాయి. ఒకటి ఊరందరికీ పంచవచ్చు. రెండవది తన వద్దనే దాచుకోవాలి. మొదటిదానితో మూసిన ఉత్తరం రెండవదానితోనే తెరచుకుంటుంది. ఆ ప్రోగ్రాము అచిరకాలంలోనే దేశాల సరిహద్దులు దాటింది. అప్పటి అమెరికా నిబంధనలు బలమైన ఎన్‌క్రిప్షన్‌ను ఆయుధ సామగ్రితో సమానంగా పరిగణించేవి. అనుమతి లేని ఎగుమతి అన్న అనుమానంపై జిమ్మర్మన్‌పై సుమారు 3 సంవత్సరాలు విచారణ జరిగింది. అభియోగమేదీ మోపకుండానే 1996 జనవరిలో ముగిసింది. ఈలోగా 1995లో ఎం.ఐ.టి. ప్రెస్ ఆ ప్రోగ్రాము రాతనంతటినీ పుస్తకంగా అచ్చు వేసింది. కంప్యూటర్ ప్రోగ్రామును సరిహద్దు వద్ద ఆపగల చట్టం అచ్చు పుస్తకాన్ని ఆపలేకపోయింది. 1997లో దాని తరువాతి రూపాన్ని ఐరోపాలోని స్వచ్ఛంద కార్యకర్తలు అచ్చు పుటల నుంచే తిరిగి కంప్యూటర్‌లోకి ఎక్కించారు.

"నేరస్థులకూ ఇదే రక్ష కాదా?" అని ప్రభుత్వాలు అడుగుతాయి. ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. నేర పరిశోధన సమాజానికి అవసరమే. అయితే అనుమానితుని ఇంటిని న్యాయస్థానపు ఉత్తర్వుతో సోదా చేయడం వేరు. ఊరిలోని ప్రతి ఇంటి మారు తాళంచెవినీ ముందుగానే ఠాణాలో అప్పగించమనడం వేరు. 1993లో అమెరికా ప్రభుత్వం 'క్లిప్పర్' అనే చిప్‌తో సరిగా ఈ రెండవ పనినే తలపెట్టింది. దాని పద్ధతిని రహస్యంగా ఉంచింది. మారు తాళంచెవులను ప్రభుత్వ శాఖల వద్ద భద్రపరుస్తామన్నది. 1994లో మాట్ బ్లేజ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ ఏర్పాటును తప్పించుకునే మార్గం ఉన్నదని చూపించాడు. పథకం వీగిపోయింది. కంచే చేను మేస్తే కాపాడేదెవరు? పాలకుల కోసం తెరచిన దొడ్డిదారి దొంగకు ఎల్లకాలం తెలియకుండా ఉంటుందా?

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2021 నాటి నిబంధనలు మాత్రం, ఉత్తర్వు వచ్చినప్పుడు ఒక సందేశాన్ని మొదట పంపినవారెవరో తెలపాలని పెద్ద సందేశ సంస్థలను ఆదేశించాయి. వాట్సాప్ సంస్థ అదే ఏడాది ఢిల్లీ హైకోర్టులో దీనిని సవాలు చేసింది. ఏ ఉత్తరాన్ని గురించి రేపు అడుగుతారో ఈనాడు తెలియదు కనుక, ఒకరి జాడ చెప్పాలంటే అందరి ఉత్తరాలకూ గుర్తు వేయక తప్పదన్నదే ఇందులోని చిక్కు.

దాచుకోవలసినదేమీ లేనివారికి గోప్యత ఎందుకు అనేవారున్నారు. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు తెలుగు పెద్దలు. ఇతరుల గుట్టును వెదకడాన్ని ఖురాన్‌లోని అల్ హుజురాత్ అధ్యాయం నిషేధించింది. గోప్యత నేరస్థుని ముసుగు కాదు, మర్యాదస్థుని మేలిముసుగు అని రెండు సంప్రదాయాలూ ఎరుగును.

అయితే తెరచిన గ్రంథమైనంత మాత్రాన అన్నీ సవ్యంగా ఉంటాయనుకోవడం భ్రమ. అసంఖ్యాకమైన వెబ్‌సైట్లకు ఆధారమైన ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో 'హార్ట్‌బ్లీడ్' అనే ఘోరమైన లోపం 2012 నుంచి 2014 ఏప్రిల్ వరకు బయటపడకుండా ఉండిపోయింది. ప్రపంచమంతా వాడుకున్న ఆ ప్రోగ్రామును పోషించినవారు మాత్రం గుప్పెడు మందే. గ్రంథం తెరచియే ఉన్నది, చదివేవారే కరువయ్యారు!

కనుక ఈ హక్కును కాపాడుకునే బాధ్యత న్యాయస్థానాలది మాత్రమే కాదు, చదవనేర్చిన ప్రతి విద్యార్థిది కూడా. కంప్యూటర్ శాస్త్రం అభ్యసించే మన సోదర సోదరీమణులు ప్రోగ్రాములను వాడుకోవడంతో తృప్తి పడక, వాటి రాతను చదివి ప్రశ్నించే అలవాటు చేసుకోవాలి. అందుకు వారానికి ఒక గంట, ఒక గది, ఒక మార్గదర్శి కావాలి. ఈ స్వల్పమైన ఏర్పాటును కళాశాల కమిటీ పెద్దలు దయతో పరిశీలించాలని కోరుతున్నాను. బాగ్దాదులో ఒక పండితుడు అక్షరాలను లెక్కిస్తూ ఆరంభించిన విద్య ఇది. దానిని అందుకొనడానికి మనకు కావలసినది సంపద కాదు, శ్రద్ధ.